బోరు నీళ్ల వెచ్చదనం ఎండదా, భూమిదా?

డిసెంబరు తెల్లవారుజామున బోరు మోటారు వేస్తే నీళ్లు గోరువెచ్చగా పడతాయి. కోలారు, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. భూమి లోపల వేడి ఉంది కాబట్టే నీళ్లు అలా వస్తాయని ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. అయితే అదే బోరు నీళ్లు మే నెలలో ఒంటికి చల్లగా తగులుతాయి. నిజానికి నీళ్ల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకటే, మారేది బయటి గాలి. పగటికీ రాత్రికీ ఉండే తేడా నేలలో మీటరు లోతుకు కూడా సరిగా దిగదు. ఎండాకాలానికీ చలికాలానికీ ఉండే తేడా పది పదిహేను మీటర్లకల్లా మాయమవుతుంది. అక్కడ నేల ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా నిలబడిపోతుంది. బెంగళూరులో అది 25 డిగ్రీలకు అటూఇటూ, చెన్నైలో 29కి అటూఇటూ ఉంటుంది. ఏళ్ల తరబడి పడిన ఎండ సగటే ఆ వెచ్చదనం. లోతైన బోర్లలో మాత్రం కింది నుంచి వచ్చే వేడి కూడా కొంత కలుస్తుంది.

మరి దీన్ని జియోథర్మల్ ఎనర్జీ, అంటే భూతాప శక్తి, అనవచ్చా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దీని మీద చట్టాలు, పన్ను రాయితీలు, ప్రపంచ ఇంధన లెక్కలు ఆధారపడి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో జాతీయ జియోథర్మల్ విధానాన్ని ప్రకటించింది. లద్దాఖ్‌లోని పుగా లోయలో ఉడికే ఊటల దగ్గర కరెంటు తీయడానికీ, భవనం కింద గొట్టాలు దింపి గదులను చల్లబరచడానికీ రెండింటికీ అందులో చోటు దొరికింది. రేపు వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాటు చూడటానికి వెళ్లిన కుటుంబంతో బిల్డర్ తరఫు మనిషి ‘మాది జియోథర్మల్ కూలింగ్ సార్’ అంటే, ఏ అర్థంలో అంటున్నావయ్యా అని అడగడానికి ఒక కొలత కావాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఇప్పటికీ లేదు. శాస్త్రం తెలియక వచ్చిన చిక్కు కాదిది. వేడి ఎక్కడ పుట్టింది, ఎక్కడ నిలవుంది, ఎంత వేడిగా ఉంది, దేనికి వాడుతున్నాం అనే వేర్వేరు ప్రశ్నలన్నీ ఒకే పేరులో కలిసిపోయాయి. ఏ నిర్వచనం తీసుకున్నా వీటిలో ఒకటి రెండింటికి జవాబు చెప్పి, మిగతావాటిని వదిలేస్తుంది.

పుట్టుక నుంచి మొదలుపెడదాం. భూమి లోపలి నుంచి పైకి ఎప్పుడూ వేడి వస్తూనే ఉంటుంది. భూగోళం మొత్తానికి కలిపితే అది సుమారు 47 టెరావాట్లు (ఒక టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు). అందులో కొంత భూమి ఏర్పడిననాటి వేడి, ఇంకా చల్లారుతూనే ఉంది. మిగతాది రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం-40 క్షీణిస్తూ వదిలేది. ఏది ఎంత అన్నది చాలాకాలం అంచనాల మీదే నడిచింది. జపాన్‌లోని కామ్‌లాండ్ ప్రయోగశాల 2005లో భూమి లోపలి క్షీణత నుంచి వచ్చే న్యూట్రినోలను, అంటే రాయినైనా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలను, పట్టుకుంది. 2011లో వేసిన లెక్కలో యురేనియం, థోరియంల వాటా 20 టెరావాట్ల దగ్గర తేలింది. న్యూట్రినోల కథలో మన పక్క జిల్లాకూ చోటుంది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ 1965లో మొదటగా దొరికిన చోట్లలో కోలారు బంగారు గని ఒకటి. కేజీఎఫ్ అనగానే బంగారమే గుర్తొస్తుంది గానీ, ఆ గనికి ఈ ఘనత కూడా ఉంది.

47 టెరావాట్లు అంటే చాలా పెద్ద అంకె. కానీ అది భూమంతా పరుచుకుని వస్తుంది. ఖండాల మీద సగటున చదరపు మీటరుకు 65 మిల్లీవాట్లు మాత్రమే. బెంగళూరు ఉన్నది ధార్వార్ శిలాఫలకం మీద. లాల్‌బాగ్ గుట్ట మీద కాలికి తగిలే రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. ఇంత పాతబడి చల్లారిన నేలల్లో కింది నుంచి వచ్చే వేడి తక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా గనుల్లో, బోర్లలో చేసిన కొలతల్లో ఈ ప్రాంతానికి వచ్చిన విలువలు చదరపు మీటరుకు 40 మిల్లీవాట్ల చుట్టూ ఉన్నాయి.

బెంగళూరులో అందరికీ తెలిసిన 30×40 సైటునే తీసుకుందాం. 1,200 చదరపు అడుగులు, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. భూగర్భం నుంచి ఆ సైటుకు అందే వేడి మొత్తం నాలుగున్నర వాట్లు. రాత్రి హాల్లో వెలిగించి ఉంచే చిన్న ఎల్‌ఈడీ బల్బు తినేంత. ఏడాదంతా కూడబెడితే 39 యూనిట్లు. అదే సైటు మీద పడే ఎండ రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్ల లెక్కన ఏడాదికి రెండు లక్షల యూనిట్లు. సుమారు ఐదు వేల రెట్లు తేడా. కాబట్టి బెంగళూరులో పైపొరల నుంచి ఎవరైనా వేడి తీస్తే అందులో భూగర్భం సొమ్ము ఎంత, సూర్యుడి సొమ్ము ఎంత అన్నదానికి జవాబు స్పష్టంగానే ఉంది. ‘భూమి లోపల పుట్టిన వేడి మాత్రమే జియోథర్మల్’ అనే నిర్వచనం తీసుకుంటే, ఈ ఊళ్లో ఇళ్ల కింద వేసే ఏ గొట్టమూ ఆ పేరుకు తగదు.

అయినా ఆ నిర్వచనంతో పని జరగదు. రాయిలో నిలవున్న వేడి సంగతి వేరు మరి. అదే సైటు కింద వంద మీటర్ల లోతు వరకు ఉన్న రాయిని ఒక్క డిగ్రీ చల్లబరిస్తే సుమారు 7 వేల యూనిట్ల వేడి బయటికి వస్తుంది. బ్యాంకులో 7 వేల రూపాయల డిపాజిట్ ఉండి, దాని మీద ఏడాదికి 39 రూపాయల వడ్డీ వస్తున్నట్టు ఉంటుంది పరిస్థితి. తీసుకున్న ఆ ఒక్క డిగ్రీని కింది నుంచి వచ్చే వేడి మాత్రమే పూడ్చాలంటే 180 ఏళ్లు పడుతుంది. ఆచరణలో పక్కల నుంచీ, పైనుంచీ కూడా వేడి చేరుతుంది కాబట్టి అంత ఆలస్యం కాదు. కానీ అలా పూడ్చేదాంట్లో ఎక్కువ భాగం మళ్లీ ఎండే. నిలవను లెక్కపెట్టాలా, ప్రవాహాన్ని లెక్కపెట్టాలా అన్న సందేహం జియోథర్మల్ నిర్వచనాలన్నిటికీ అడుగున ఉన్న సందేహం.

యూరోపియన్ యూనియన్ ఈ సందేహాన్ని ఒక్క వాక్యంతో పక్కన పెట్టింది. 2009 నాటి పునరుత్పాదక ఇంధన ఆదేశంలోనూ, 2018లో దాని స్థానంలో వచ్చినదానిలోనూ నిర్వచనం ఒకటే: ఘనరూపంలో ఉన్న భూమి ఉపరితలం కింద వేడి రూపంలో నిలవున్న శక్తి జియోథర్మల్ ఎనర్జీ. వేడి ఎక్కడిదని అడగదు, ఎంత లోతని అడగదు, ఎన్ని డిగ్రీలని అడగదు. ఎక్కడ ఉందన్నదే చూస్తుంది. గాలిలో, చెరువులో, మురుగునీటిలో ఉన్న వేడికి వేరే పేరు పెట్టి విడదీసింది. అధికారులకు ఇది హాయి. ఎండ వేడి ఎంత, భూమి వేడి ఎంత అని ప్రతి బోరు దగ్గరా తేల్చాల్సిన పని ఉండదు.

కానీ చోటును బట్టి చెప్పే నిర్వచనం చేరకూడనివాటిని కూడా చేర్చుకుంటుంది. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో డ్రేక్ లాండింగ్ అనే కాలనీలో 2007 నుంచి 52 ఇళ్లకు వేసవిలో సోలార్ పలకలతో పట్టిన వేడిని 144 బోర్లలోకి దింపి, చలికాలంలో తిరిగి తీసుకుని వాడారు. ఆ వేడి భూమి కింద నిలవున్నదే. అక్షరాలా చదివితే జియోథర్మలే. దాన్ని అలా పిలవడానికి మాత్రం మనసొప్పదు, ఎందుకంటే ఆ వేడిని అక్కడ పెట్టింది మనుషులు. నగరాల కింద మనకు తెలియకుండానే ఇదే జరుగుతోంది. బేస్‌మెంట్లు, సొరంగాలు, డ్రైనేజీ పైపులు చుట్టూ ఉన్న మట్టిని వేడెక్కిస్తాయని జర్మనీలోని కొలోన్ లాంటి నగరాల్లో కొలిచి చూపించారు. రెండు మూడు అంతస్తుల పార్కింగ్ నేలలోకి దింపుతున్న బెంగళూరులో ఆ వేడి ఎవరి ఖాతాలో పడాలి?

ఖాతా అంటే హక్కు కూడా. దీని మీద అమెరికాలో నడిచిన వ్యాజ్యాలు చదివితే, నిర్వచనం లేకపోతే ఏమవుతుందో బాగా అర్థమవుతుంది. కాలిఫోర్నియాలోని ‘ద గీజర్స్’ ప్రపంచంలోనే పెద్ద ఆవిరి క్షేత్రం. అక్కడ నేల నుంచి తీసే ఆవిరి పన్ను చట్టం దృష్టిలో ఏమవుతుందన్న ప్రశ్నకు అక్కడి టాక్స్ కోర్టు 1969లో అది ‘గ్యాస్’ అని చెప్పింది. 1972లో పై కోర్టు దాన్ని సమర్థించింది. అంటే చమురు బావుల వాళ్లకు దొరికే తరుగుదల రాయితీ ఆవిరి తీసేవాళ్లకూ దొరికింది. ఇంతలో ఇంకో గొడవ. 1916 నాటి చట్టం కింద పశువుల పెంపకానికి భూములు పంచినప్పుడు ‘బొగ్గు, ఇతర ఖనిజాలు’ ప్రభుత్వానివేనని రాసుకున్నారు. ఆవిరి ఖనిజమా కాదా? ఖనిజం కింద ప్రభుత్వం అట్టిపెట్టుకున్నవాటిలో జియోథర్మల్ వనరులు కూడా ఉన్నాయని 1977లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు తీర్పు చెప్పింది. ఆవిరి ఒకటే, క్షేత్రమూ అదే. పన్నుకు గ్యాస్ అయింది, హక్కుకు ఖనిజం అయింది.

రాష్ట్రాలు తలో దారి పట్టాయి. హవాయి దాన్ని ఖనిజాల జాబితాలో చేర్చింది. ఐడహో ఇటు ఖనిజమూ కాదు, అటు నీరూ కాదు, దీని జాతే వేరు అని చట్టంలో రాసేసి, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీత గీసింది. ఆ గీతకు పైన ఉంటే జియోథర్మల్ వనరు, కింద ఉంటే నీటి చట్టం వర్తిస్తుంది. జర్మనీ 1980 నాటి గనుల చట్టంలో భూమి వేడిని భూయజమానికి చెందని ఖనిజంగా లెక్కించింది. కింద ఉన్న వేడి సైటు కొన్నవాడిది కాదన్నమాట. మన దగ్గర భూగర్భజలానికి భూమి హక్కుతో ముడి ఉంది. నోటిఫై చేసిన ప్రాంతాల్లో బోరు వేయాలంటే కర్ణాటక 2011 చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ ఏర్పాటంతా నీళ్లు తోడే బోరును దృష్టిలో పెట్టుకుని చేసింది. చుక్క నీరు తోడకుండా, మూసిన గొట్టంలో నీళ్లు తిప్పి వేడిని మాత్రం ఇచ్చిపుచ్చుకునే బోరును ఏ గాటన కట్టాలో ముందే తేల్చుకోవడం మంచిది. కోర్టులకు వదిలేస్తే ఏళ్లు పడుతుంది.

ఇక ఎంత వేడి అన్న ప్రశ్న. సామాన్యుడి మనసులో జియోథర్మల్ అంటే పొగలు కక్కే నీళ్లు. జపాన్‌లో 1948 నాటి వేడినీటి ఊటల చట్టం ప్రకారం వేడినీటి ఊట అనిపించుకోవడానికి నేల నుంచి వచ్చే నీరు 25 డిగ్రీలు ఉంటే చాలు, లేదా చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగినంత ఉంటే చాలు. న్యూజిలాండ్ 1991 చట్టంలో భూమి లోపల సహజంగా 30 డిగ్రీలకు పైగా వేడెక్కిన నీరు జియోథర్మల్ నీరు. ఈ గీతలను దక్షిణాదికి తెచ్చి చూడండి. జపాన్ లెక్కన చెన్నైలో మామూలు బోర్లన్నీ వేడినీటి ఊటలే. న్యూజిలాండ్ లెక్కకు బెంగళూరు శివార్లలో 1,500 అడుగులకు దింపిన బోరు అడుగున నీరు సరిపోతుంది. పైన 25 డిగ్రీలు, లోతుతో కిలోమీటరుకు 12 నుంచి 15 డిగ్రీలు పెరిగితే, అరకిలోమీటరు చేరేలోపే 30 దాటుతుంది. ఆ నీళ్లతో కరెంటు ఏమీ రాదు. చలిదేశంలో పనికొచ్చిన గీత మన ఎండల్లో అర్థం లేకుండా పోతుంది.

శాస్త్రవేత్తల వర్గీకరణలూ ఒకదానితో ఒకటి కలవవు. మఫ్లర్, కటాల్డి 1978లో 90 డిగ్రీల లోపు తక్కువ, 90 నుంచి 150 మధ్యస్థం, పైది ఎక్కువ అన్నారు. హోక్‌స్టైన్ 1990లో ఆ గీతలను 125, 225 దగ్గరకు జరిపాడు. 130 డిగ్రీల నీరు ఒకరి పుస్తకంలో మధ్యస్థం మధ్యలో ఉంటుంది, మరొకరి పుస్తకంలో అప్పుడే మొదటి మెట్టు ఎక్కినట్టు. 2001లో లీ డిగ్రీలను వదిలేద్దామన్నాడు. ఆ వేడి నుంచి నిజంగా ఎంత పని రాబట్టగలమో లెక్కకట్టి దాన్నే కొలమానం చేద్దామన్నది ఆయన సూచన. ఇది మిగతావాటికన్నా నిజాయితీ ఉన్న దారి. ఎందుకంటే వేడి ఇంజను నడిచేది వేడికీ చల్లదనానికీ ఉన్న తేడా మీద. అలాస్కాలోని చేనా దగ్గర 2006లో 74 డిగ్రీల నీటితోనే కరెంటు తీశారు. వాళ్లకు పక్కనే గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న చన్నీళ్లున్నాయి. 4 డిగ్రీల చన్నీటితో సిద్ధాంతం ప్రకారం ఆ వేడిలో అత్యధికంగా 20 శాతం కరెంటుగా మారగలదు. అదే 74 డిగ్రీల నీటిని 30 డిగ్రీల బెంగళూరు మధ్యాహ్నంలో వాడితే ఆ గరిష్ఠ పరిమితే 13 శాతానికి పడిపోతుంది. అసలు యంత్రాలు దానికి సగం అందుకుంటే గొప్ప. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి ఉబికిన వేడినీళ్లతో సింగరేణి పెట్టిన చిన్న యూనిట్ సామర్థ్యం 20 కిలోవాట్లు. చిన్నదే గానీ తెలుగు నేల మీద జియోథర్మల్ కరెంటుకు అది మొదటి అడుగు, దాన్ని తక్కువ చేయకూడదు.

కోలారు గని దగ్గరకు మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే ఈ చిక్కులన్నీ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. చాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకు దిగింది. అడుగున రాయి 60 డిగ్రీలు దాటి ఉండేది. చిత్తూరు వైపు నుంచి, తమిళ జిల్లాల నుంచి వెళ్లిన కార్మికులు ఆ ఉడుకులో పనిచేశారు. గనిలోకి చల్లగాలి పంపడానికి ప్రత్యేకంగా ప్లాంట్లు పెట్టాల్సి వచ్చింది. అక్కడ భూమి వేడి శక్తి కాదు, ఖర్చు. మనుషుల ప్రాణం తోడేసిన ఇబ్బంది. 2001లో గని మూతపడింది, పంపులు ఆగాయి, సొరంగాల్లోకి నీళ్లు చేరాయి. నెదర్లాండ్స్‌లోని హీర్లెన్‌లో నీళ్లు నిండిన పాత బొగ్గు గని నుంచి 2008 నుంచి భవనాలకు వేడినీ చల్లదనాన్నీ అందిస్తున్నారు, దాన్ని జియోథర్మల్ అనే పిలుస్తున్నారు. అలా చూస్తే కోలారు గని నీళ్లూ వనరే. కరెంటు కావాలన్నవాడి లెక్కలో మాత్రం అది పనికిరాని వేడి. 150 డిగ్రీల రాయి కావాలంటే ఈ ప్రాంతంలో ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు తవ్వాలి. మనుషులు వేసిన అన్నిటికన్నా లోతైన రంధ్రం, రష్యాలోని కోలా బోరు, 12.2 కిలోమీటర్లు. అందుకు దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

లోతు ప్రశ్న వచ్చింది కాబట్టి ‘వనరు’ అన్న మాటకూ హద్దు కావాలి. అమెరికా భూగర్భ సర్వే 1975లో 10 కిలోమీటర్ల లోతు వరకు, 15 డిగ్రీలకు పైన ఉన్న వేడినంతా మొత్తం నిధిగా లెక్కేసింది. అలా వేస్తే ఏ దేశానికైనా వేల ఏళ్లకు సరిపడా శక్తి ఉన్నట్టు తేలుతుంది. తవ్వి తీయగలిగేది ఎంత, తీసి అమ్ముకోగలిగేది ఎంత అని వడగడితే అంకె కరిగిపోతుంది. భారత భూగర్భ సర్వే సంస్థ దేశంలో 381 వేడి ఊటల ప్రాంతాలను గుర్తించి, 10,600 మెగావాట్ల అవకాశం ఉందని చెప్పింది. ఈ అంకె పత్రికల్లో తరచూ ‘మన దగ్గర ఉన్న కరెంటు’ అన్నట్టు వస్తుంది. అది అంచనా మాత్రమే. ఐక్యరాజ్యసమితి వర్గీకరణలో 2016 నుంచి వేడిని ‘మూలం’గానూ, అమ్మగలిగే కరెంటునూ వేడినీ ‘ఉత్పత్తి’గానూ విడదీసి రాయమంటున్నది ఇందుకే.

పునరుత్పాదకమా కాదా అన్న తగాదాకు సమాధానం వేడిలో లేదు, తోడే వేగంలో ఉంది. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో ఐదు బల్బులు వెలిగించి జియోథర్మల్ కరెంటు చూపించారు. ఆ క్షేత్రం నేటికీ పనిచేస్తోంది. ద గీజర్స్‌లో మాత్రం 1980ల చివరికి సుమారు 2,000 మెగావాట్లకు పోయి, ఆవిరి పడిపోయి, ఉత్పత్తి సగానికి దిగింది. లోపల వేడి తగ్గలేదు, నీళ్లు అయిపోయాయి. 1997 నుంచి చుట్టుపక్కల ఊళ్ల శుద్ధిచేసిన మురుగునీటిని గొట్టాల్లో తెచ్చి కిందికి దింపుతూ నిలబెట్టారు. జియోథర్మల్ అంటే వేడి ఒక్కటే అన్న నిర్వచనం ఇక్కడ తడబడుతుంది. వేడిని పైకి మోసుకొచ్చే నీరు, ఆ నీరు కదలడానికి రాతిలో చీలికలు ఉండాలి. చీలికలు లేనిచోట నీటిని ఒత్తిడితో పంపి రాయిని పగలగొడుతున్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో అలా చేస్తే 3.4 తీవ్రతతో భూమి కంపించింది, ప్రాజెక్టు ఆగిపోయింది.

నిర్వచనం ఎటు మారితే అంకెలు అటు మారతాయి. 2019 చివరికి ప్రపంచంలో కరెంటుకు కాకుండా నేరుగా వేడిగా వాడుతున్న జియోథర్మల్ సామర్థ్యం సుమారు 1,07,700 మెగావాట్లని లెక్కతేలింది. అందులో 71.6 శాతం నేలలో గొట్టాలు వేసి నడిపే హీట్ పంపులే, అంటే ఏసీలాగా వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి తోసే యంత్రాలే. అంటే ‘ఎండ వేడి చెల్లదు’ అని గట్టిగా పట్టుబడితే నాలుగింట మూడొంతులకు దగ్గరగా తుడిచిపెట్టుకుపోతుంది. ఇంకొకటి ఎక్కువమందికి తెలియదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రాథమిక శక్తి లెక్కల్లో, దేశం వేరే వివరం ఇవ్వనప్పుడు, జియోథర్మల్ ప్లాంటు సామర్థ్యాన్ని 10 శాతంగా తీసుకుంటుంది. ఒక యూనిట్ కరెంటు వస్తే పది యూనిట్ల శక్తి వాడినట్టు రాస్తుంది. గాలిమర యూనిట్‌ను ఒక యూనిట్‌గానే రాస్తుంది. పట్టికలో జియోథర్మల్ వాటా గాలి వాటాను మించి కనిపిస్తే, ఆ రాసే పద్ధతి గుర్తుంచుకుని చదవాలి.

బెంగళూరుకు అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న చల్లదనం. ఇక్కడ ఇంటిని వేడిచేసే అవసరం ఎవరికీ లేదు. ఏప్రిల్‌లో గాలి 35 డిగ్రీలున్నప్పుడు గదిలోంచి తీసిన వేడిని ఆ వేడిగాలిలోకి తోయడం కన్నా 25 డిగ్రీల నేలలోకి తోయడం సులువు, కంప్రెసర్ తక్కువ కరెంటు తింటుంది. పెద్ద ఆఫీసుల కూలింగ్ టవర్లు ఆవిరి చేసే నీళ్లు కూడా మిగులుతాయి. 2024 నీటి కరువు చూసిన ఊరికి అది చిన్న లాభం కాదు. కాబట్టి ఈ పద్ధతి మంచిదే, దాన్ని ప్రోత్సహించాలి. కానీ అందులో భూమి నుంచి తీసుకున్న శక్తి ఏదీ లేదు. భూమికి ఇస్తున్నాం. ‘భూమి కింద నిలవున్న వేడి’ అన్న యూరప్ వాక్యం దీనికి వర్తించదు. అందుకే 2009లో హీట్ పంపు వేడికి సూత్రం రాసుకున్న యూరోపియన్ యూనియన్, చల్లదనాన్ని ఎలా లెక్కించాలో చెప్పడానికి 2022 వరకు ఆగి వేరే నియమాలు తేవాల్సి వచ్చింది. అమెరికా పన్ను చట్టం ఈ విషయంలో తెలివిగా నడిచింది. సహజమైన వేడి నిలవున్న జియోథర్మల్ నిక్షేపం నుంచి శక్తి తీసే పరికరాలకు ఒక పద్దు ఉండగా, 2008లో రెండోది విడిగా చేర్చింది. భవనాన్ని వేడిచేయడానికి నేలను మూలంగా, చల్లబరచడానికి నేలను వేడి పారబోసే చోటుగా వాడే పరికరాలు అందులోకి వస్తాయి. రెండింటికీ రాయితీ ఉంది, పేర్లు మాత్రం కలపలేదు. మన దేశం కూడా ఇలాగే విడిగా రాసుకోవాలి. పుగాలో బోరు వేసేవాళ్లు వనరును వెతుకుతున్నారు, వాళ్లకు దొరక్కపోయే ప్రమాదం ఉంది. బెంగళూరులో గొట్టాలు దింపేవాళ్లకు ఆ ప్రమాదం లేదు, వాళ్ల ప్రమాదం వేరు.

ఆ వేరే ప్రమాదం ఏమిటో 30×40 సైటు మీదే లెక్కేయవచ్చు. రెండు టన్నుల ఏసీ ఏడాదిలో వంద రోజులు, రోజుకు ఐదు గంటలు నడిస్తే, కంప్రెసర్ వేడితో కలిపి సుమారు 4,400 యూనిట్ల వేడి నేలలోకి దిగుతుంది. వంద మీటర్ల లోతు రాయిలోనే అదంతా ఉండిపోతే ఏడాదికి 0.6 డిగ్రీ పెరుగుతుంది, పదేళ్లకు 6 డిగ్రీలు. అప్పుడు 25 డిగ్రీల నేల 31 అవుతుంది, పెట్టిన ఖర్చుకు అర్థం ఉండదు. స్నానాల నీళ్లను అదే గొట్టాల నుంచి వేడి చేసుకుంటే కొంత వెనక్కి వస్తుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు వంద లీటర్ల వేడినీళ్లకు ఏడాదికి 800 యూనిట్ల పైచిలుకు వేడి కావాలి, అందులో చాలా భాగం నేల నుంచే తీయవచ్చు. మిగిలింది పక్కలకు పాకుతుంది. ఒక్క ఇల్లే చేస్తే పక్క సైట్ల రాయి ఆ వేడిని పీల్చుకుంటుంది. లేఅవుట్‌లో అందరూ చేస్తే పీల్చుకోవడానికి పక్క సైటు ఖాళీగా ఉండదు. కాబట్టి అనుమతి కాగితంలో ఏడాదికి నేలలోకి ఎన్ని యూనిట్లు దింపుతారు, ఎన్ని తీస్తారు, గొట్టం ఎంత లోతుకు వెళుతుంది, పక్కవాడి హద్దుకు ఎంత దూరంలో ఉంది అన్న గళ్లు ఉండాలి. ఆ నాలుగు గళ్లూ నింపి సంతకం పెట్టిన బిల్డరు దానికి జియోథర్మల్ అని పేరు పెట్టుకున్నా కొనేవాళ్లకు నష్టం లేదు.